పూసల గట్టు

ఆ రోజుల్లో నాకు ప్రకృతి అంటే మహా ప్రేమ. పెద్దగా చూసింది లేదు గనక ప్రేమకు అడ్డూ లేదు. పావగడ తాలూకా వల్లూరులో పుట్టి, ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తి పెరిగినవాణ్ణి, పెన్ను పట్టానంటే సెలయేరు తప్ప మరొకటి తోచేది కాదు. అప్పటికే మా చేలన్నీ సోలార్ పార్కుకు లీజుకు పోయి, వేరుశనగ పండిన నేలంతా ప్యానెళ్లు నిలబడ్డాయి. ఆ ప్యానెళ్ల గేటు దగ్గర సెక్యూరిటీ టోపీ పెట్టుకుని కూర్చుని, నేను హంసల మీద కవితలు రాసేవాణ్ణి (హంసను చూసింది క్యాలెండరు మీద).

ఊళ్లో ఆడవాళ్లకు పూసల పని నేర్పడానికి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చేది. నోరు తెరిస్తే శాంతి గురించే మాట్లాడేది కాబట్టి శాంతి మేడమ్ అనేవాళ్లం. పాతకాలపు మా చేలను గుడ్డ మీద పూసలతో కుట్టించి, కింద ప్రకృతి, శాంతి కలిసొచ్చే కవిత పెట్టి, బెంగళూరు ప్రదర్శనలో వేలాడదీయాలని ఆవిడకు బుద్ధి పుట్టింది. కవిత నాది. బెంగళూరు గోడకెక్కబోతున్నానని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. తప్పించుకున్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను.

కుట్టేది మా పెద్దమ్మ, చిన్నమ్మ. తోడికోడళ్లు. చేతి పనిలో ఊళ్లో వాళ్లను మించినవాళ్లు లేరు, నోటి పనిలోనూ లేరు. ఇద్దరి చేలకూ మధ్య ఒక గట్టుండేది. దాన్ని నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని నా చిన్నప్పటి నుంచీ తగువు. సోలార్‌వాళ్ల యంత్రం ఆ గట్టును ఒక్క పూటలో చదును చేసి పారేసింది. తగువును మాత్రం చదును చేయలేకపోయింది.

పటంలో ఎడమ చేను పెద్దమ్మ, కుడి చేను చిన్నమ్మ కుట్టసాగారు. ఆకుపచ్చ పూసల మొక్కలు, పసుపు పూసల పూలు, నడుమ గోధుమరంగు పూసల గట్టు. ఆ గట్టు రోజూ నడిచేది. ఒకరు భోజనానికి లేస్తే రెండోవారు దాన్ని ఒక వరుస అవతలికి తోసేవారు. కింద నా శాంతి కవిత తెల్లపూసల్లో మెరుస్తుంటే, పైన బూతులు.

"గట్టు తీసేసి అంతా పచ్చగా కుట్టేయండి, పోతుంది" అన్నాను, ప్రదర్శన దగ్గరపడుతుంటే భయమేసి.

జన్మలో మొదటిసారి ఇద్దరూ ఏకమై నా మీద పడ్డారు. "గట్టు లేకుంటే ఎవురి చేను యాడికో తెలిసేదెట్లరా? గేటుకాడ కూసోనేవానికి నీకేం తెలుసు!"

చివరికి పెదనాయన వచ్చాడు. ఊళ్లో ఏ అన్నదమ్ములు వేరుపడినా భాగాలు పంచేది ఆయనే. పటాన్ని ఇటూ అటూ చూసి, "దీనికింత రచ్చ ఎందుకప్పా? భాగం చేసేద్దాం" అని కత్తెర అడిగాడు. నేను లబోదిబోమంటున్నా వినకుండా, గట్టు మధ్య నుంచి కింద నా కవిత దాకా నిలువునా కత్తిరించి, చెరో ముక్కా చేతికిచ్చాడు. మేడమ్ కారు దిగి, ఆ ముక్కల్ని చూసి, శాంతి మాటెత్తకుండా మళ్లీ కారెక్కింది.

ఆ ముక్కలు ఇప్పటికీ ఇద్దరి గోడల మీదా ఉన్నాయి. పెద్దమ్మ ఇంట్లో "సెలయేటి ఒడ్డున, పచ్చని లోయలో" అని ఉంటుంది. మిగతాది చిన్నమ్మ ఇంట్లో: "హంసలు నిద్రించాయి, శాంతి పవళించింది." అంత పనికిమాలిన కవిత్వం రెండిళ్ల మధ్య పంచడం మంచిదే అయిందని ఇప్పుడనుకుంటాను.

మొన్న చిన్నమ్మ ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చి, గోడకేసి చూపించి గొణిగింది. "మీ పెదనాయన న్యాయం చూసినావా? నీళ్లుండే ఏరంతా వాళ్ల భాగానికి పోయినాది. నాకేమో పండుకునే పక్షులు వచ్చినాయి."

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె కళ్లలో నిజమైన బాధ ఉంది. మా ఊళ్లో ఏనాడూ లేని ఆ ఏటిని అంతగా నమ్మినవాళ్లు, టోపీ పెట్టుకున్న ఆ పిచ్చి కుర్రాడు కాక, ఆమె ఒక్కతే.