మిషన్ ఆగిన అధ్యాయం

మా పిన్ని బట్టలు కుడుతుంది. హత్యల కథలన్నా, దెయ్యాల కథలన్నా చెవి కోసుకుంటుంది. రెండు చేతులూ ఎప్పుడూ మిషన్ మీదే ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాలి. చిన్నప్పటి నుంచీ ఆ ఎవరో ఒకరు నేనే.

పుస్తకం ఎలా ఉందో ఆవిడను అడగనక్కర్లేదు, మిషన్ చప్పుడు వింటే చాలు. కథ పట్టేస్తే కాలు దానంతటదే ఆగిపోతుందట. నేను మాత్రం ఆగగా ఎన్నడూ చూడలేదు. పీకలు తెగినా, శవాలు లేచి కూర్చున్నా, పిన్ని అంచు మడిచి కుట్టుకుంటూనే పోయేది.

ఇక ముగింపు దగ్గర మరీ ముక్కుసూటి మనిషి. చివర్లో ఎక్కణ్ణుంచో కవల సోదరుడు ఊడిపడితే, "ఇన్నాళ్ళూ వీణ్ణి ఏ బీరువాలో దాచాడమ్మా?" అనేది. అంతా కల అని తేలిందో, కోపం నషాళానికంటేది. ఆ అధ్యాయం మొత్తం కత్తిరించి కాలర్ల నమూనాకు వాడేసేది. గోడకు వేలాడే ఆ కాగితపు కాలర్ల మీద ఎంతమంది హంతకులు పట్టుబడ్డారో! పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణదారు మొదట్లో లబోదిబోమన్నాడు. పిన్ని కత్తెర పడ్డ పుస్తకాలనే జనం అడిగి మరీ తీసుకెళ్తున్నారని తెలిశాక నోరు మూసుకున్నాడు.

అలాంటి మనిషి ముందుకు నేను రాసిన దెయ్యం నవల పట్టుకెళ్ళాను. స్నేహితులు మెచ్చుకున్నారు, అచ్చు వెయ్యడానికి ఒకాయన ఒప్పుకున్నాడు కూడా. అవేవీ నాకు ఆనలేదు. ఆ మిషన్ ఒక్కసారి ఆగాలి. ఆగకపోతే అచ్చుకు ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

దెయ్యం అద్దంలోంచి బయటికొచ్చే చోట గొంతు తగ్గించి, వణికిస్తూ మరీ చదివాను. మిషన్ ఆగింది. నా గుండె ఝల్లుమంది. తలెత్తి చూస్తే బాబిన్‌లో దారం అయిపోయింది, అంతే.

"ఆ దెయ్యం ఎప్పుడూ జుట్టు విరబోసుకునే ఎందుకు తిరుగుతుంది? బతికున్నప్పుడు పనిచేసుకున్న ఆడదేగా, ముడేసుకోదూ?" అంది పిన్ని. "నన్ను భయపెడదామని రాశావు గానీ, నువ్వు భయపడలేదమ్మా," అంటూ చివరి అధ్యాయం కోసం చెయ్యి చాచింది. కళ్ళముందే అది ఎవరి చొక్కాకో కాలరైపోయింది.

ఏడుపు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాను. ఎదురుగా మేకుకు నీలం గౌను. నేను పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది. ఒకావిడ కొలతలిచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఎవరో, ఏమైందో ఎవరికీ తెలియదు. పిన్ని ఆ గౌనును ఎవరికీ ఇవ్వదు. దుమ్ము దులిపి మళ్ళీ అదే మేకుకు తగిలిస్తుంది. ఎందుకని అడిగితే, "ఆవిడ వస్తే?" అంటుంది. చిన్నప్పుడు ఆ మేకు పక్కనుంచి వెళ్ళాలంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. అంత భయాన్ని ఇంట్లో పెట్టుకుని అద్దాల కోసం, పాడుబడ్డ బంగళాల కోసం ఊరంతా వెతికాను.

నవల మొదటి నుంచీ మళ్ళీ రాశాను. అద్దం తీసేశాను, బంగళా తీసేశాను. బట్టలు కుట్టే ఒకావిడ, మేకుకు ఒక గౌను, అంతే మిగిలాయి. రాస్తూ నేనే రెండుసార్లు లేచి దీపాలన్నీ వేసుకున్నాను.

ఈసారి మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. తలుపు బార్లా తెరిచి ఉంది, వీధిలో జనం తిరుగుతున్నారు. చదువుతుంటే మిషన్ ఎప్పటిలాగే గడగడా నడుస్తోంది. చివరి అధ్యాయంలో కొలతలిచ్చి వెళ్ళిన ఆ మనిషి గుమ్మంలోకొచ్చి, "నా గౌను అయిందా?" అని అడుగుతుంది. అప్పటి వయసే, అప్పటి ముడే. కుట్టినావిడ గౌను తీసి ఆ మనిషి ఒంటికి ఆనించి చూస్తే, ఇన్నేళ్ళకీ ఎక్కడా బిగువూ లేదు, వదులూ లేదు.

చప్పుడు ఆగింది. బాబిన్ వంక చూశాను, దాన్నిండా దారం ఉంది.

పిన్ని లేచింది. పట్టపగలు, అంత వెలుతురులో, వెళ్ళి వీధి తలుపు మూసి గడియ పెట్టింది. ఆ గడియ చప్పుడుకి నాకే ఒళ్ళు జలదరించింది. మేకు వైపు చూడకుండా వచ్చి, మిషన్ దగ్గరికి పోకుండా, నన్ను ఆనుకుని కూర్చుంది.

"ఊఁ, చదువు," అంది.