తెర పడ్డాక కనబడని పెద్దాయన

ఇవాళ మా అత్తయ్యని డిట్రాయిట్‌లో మ్యాటినీ నాటకానికి తీసుకెళ్లాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ, అందులో వేసిన ముసలి ఇంగ్లండు నటుడు బాగా తెలుసు. ఆదివారాలు ఇంట్లో టీవీ యాంటెన్నా తిప్పుకుంటూ మేం చూసే ఇంగ్లండు సీరియళ్లలో ఒకసారి జడ్జిగా, ఒకసారి ఎవరికో బాబాయిగా వచ్చి, రెండో వారానికల్లా చచ్చిపోయేది ఆయనే.

ఇవాళా మొదటి అంకంలోనే గుండె పట్టుకుని పడిపోయాడు. చివర్లో నటులందరూ స్టేజీ మీదికి వచ్చి దండాలు పెట్టారు, ఆయన రాలేదు.

"నిజంగానే ఏమైనా అయిందేమోనే, కనుక్కో," అంది అత్తయ్య.

"యాక్టింగ్ అత్తయ్యా!" అన్నాను గానీ నాకూ అనుమానమేసింది.

థియేటర్ వెనక తలుపు దగ్గర చలిలో ఇరవై నిమిషాలు నిలబడ్డాక, కోటు గుండీలు పెట్టుకుంటూ ఆయన బయటికొచ్చాడు. ఎందుకొచ్చామో చెప్పాను.

"మొదట్లోనే పోతాను కదమ్మా, లోపల కుర్చీలో నిద్రపట్టేసింది. ఎవరూ లేపలేదు," అన్నాడు సిగ్గుపడుతూ.

అత్తయ్య చటుక్కున ఆయన ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకి ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. నాకు తల తీసేసినట్టయింది. దిష్టి తీసిందని ఏదో సర్దిచెప్పాను.

ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్లుగా స్టేజీ మీద చస్తున్నాను. బతికున్నానా అని చూడ్డానికొచ్చింది ఈవిడొక్కరే," అన్నాడు.

నవ్వేవాళ్లు నవ్వండి. మీరైతే కనుక్కోకుండా ఇంటికెళ్లిపోయేవాళ్లా, చెప్పండి?

కారెక్కాక అత్తయ్య అంది: "అమ్మయ్య! ఇక వచ్చే ఆదివారం సీరియల్లో ఆయన చచ్చిపోయినా బెంగలేదు."