పదహారు మందీ వంగిన కోలాటం

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే ఆ రోజుల్లో మాకు రాని విద్యంటూ ఉండేది కాదు, కనీసం బయోడేటాలో. నాది టైపు చేసిన జిరాక్సు షాపాయన, 'అభిరుచులు' అన్న చోటు ఖాళీగా ఉంటే షాపు పరువు పోతుందనుకున్నాడో ఏమో, 'భారతీయ జానపద నృత్యాలు' అని కొట్టి పడేశాడు. (ముందు 'ఈత' అని కొట్టబోయాడు. నీళ్లంటే భయమని నేనే ఆపాను.) తెనాలి నుంచి వచ్చిన నేను పెళ్లి ఊరేగింపుల్లో కూడా చప్పట్లు దాటి ఎరగను.

పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. అయిదో నెలలో మేనేజర్ సార్ (పక్కా హైదరాబాదీ, పని తెలుగులో చెప్పి, కోపం ఉర్దూలో పడేవారు) నన్ను పిలిచారు.

"క్లయింట్లు వస్తున్నరు. మనోళ్లు కోలాటం ఆడాలె. నువ్వు నేర్పియ్యి."

"నేనా సార్?"

"బయోడేటాల రాసింది నువ్వే కద భాయ్! ఫికర్ చెయ్యకు, రెండు వారాలు టైమున్నది. పదహారు మందిని ఇస్త."

రాదంటే బయోడేటా అబద్ధం, ఉద్యోగం గల్లంతు. "తప్పకుండా సార్" అనేసి, ఆ సాయంత్రం షేర్ ఆటోలో హాస్టల్‌కి వస్తూ పక్కనున్నవాళ్లందరినీ అడిగాను, కోలాటం వచ్చా అని. ఒక పెద్దాయన జేబులో పర్సు తడుముకుని అవతలికి జరిగాడు.

చివరికి దొరికింది మా హాస్టల్ వంటక్క. సూర్యాపేట దగ్గరి పల్లె ఆమెది. చపాతీలు ఒత్తుతూనే విని, "రాకేమైంది తమ్మీ? గని అది వంటింట్ల చెప్పే ముచ్చట గాదు, డాబా మీదికి నడు" అంది. రెండు చపాతీ కర్రలు తనకి, రెండు పప్పు గుత్తులు నాకు. నాలుగు దెబ్బలు ఎదురెదురుగా కొట్టాలి, అయిదో దెబ్బకి అక్క కర్రలు పైకెత్తి పట్టుకుంటే నేను వంగి కిందినుంచి దూరి అవతల తేలాలి. నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఇంత చిన్న విషయంలో ఇంత ఆనందం ఎక్కడ దాక్కుందా అని ఆశ్చర్యపోయాను. మా గదిలో ఉండే పాడేరు అబ్బాయిని మీ వైపు ఏమాడతారని అడిగితే, నా వీపు చుట్టూ చెయ్యి వేసి, రెండు మంచాల మధ్య సందులో ధింసా అడుగులు వేయించాడు. నాకు నిజంగానే కుతూహలం పట్టుకుంది. బయోడేటా ఆలస్యంగా నిజమవుతోందన్నమాట.

అయిదో రోజు ఆఫీసు డాబా మీద పదహారు మందినీ రెండు వరసలుగా నిలబెట్టి, అక్క దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు నేర్పాను. ముందు విడివిడిగా. అందరికీ వచ్చింది. మేనేజర్ సార్ చూడ్డానికి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." అన్నాను. అయిదు అనగానే పదహారు మందీ ఒక్కసారిగా వంగారు. ఎనిమిది చోట్ల తలలు ఠంగుమన్నాయి. మా టెస్టింగ్ టీమ్‌లోని భాయ్ ఒకడు నేలమీద తడుముకుంటూ, "నా కళ్లద్దాలు ఎవరి కాళ్ల కింద ఉన్నయో జర చూడుండ్రి" అన్నాడు.

సార్ దగ్గరికి వెళ్లి, "సార్, నాకు కోలాటం రాదండీ. బయోడేటాలో రాసింది అబద్ధం" అన్నాను.

"గది తలలు తగిలినప్పుడే సమజైంది. మరి నీకెవరు నేర్పిండ్రు?"

చెప్పాను. "గా అక్కనే తీస్కరా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వంట ముగించుకుని అక్క వచ్చింది. జరిగింది విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నవ్వింది. "నా నడుము వంగదని నేను కర్రలెత్తిన, నువ్వు దూరినవ్. మరి అందరు దూరుతె ఎత్తేదెవరు తమ్మీ?" అని, ఒక వరసకి ఎత్తడం, ఒక వరసకి దూరడం అప్పజెప్పింది. కుర్చీలో ఉన్న సార్‌ని చూసి, "ఓ సారూ, ఒక్కలు తక్కువున్నరు, నువ్వు లెవ్వు" అంది. ఎవరూ తక్కువ లేరు. సార్ లేచారు. టెస్టింగ్ భాయ్ కర్రలు సార్‌కిచ్చి, సంతోషంగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

క్లయింట్లు వచ్చిన రోజు అక్క పాడింది, మేం ఆడాం. ఒక్క తలా తగల్లేదు. నన్ను పర్మనెంట్ కూడా చేశారు.

ఆ సంబరంలో కొత్త నోటుబుక్ కొని, దేశంలోని నృత్యాలన్నీ రాసేస్తానని అక్క ముందు కూర్చున్నాను. "మీకు కోలాటం ఎవరు నేర్పారక్కా? ఎన్నాళ్లు పట్టింది?"

"ఎవరు నేర్పుతరు తమ్మీ? నాట్లేసొచ్చి అందరు ఆడుతుంటె నడుమల దూరిన."

నేను చాలా శ్రద్ధగా, కింద గీత గీసి మరీ, 'శిక్షణ విధానం: నడుమ దూరుట' అని రాసుకున్నాను. ఆ నోటుబుక్కులో అంతకుమించి ఒక్క పేజీ నిండలేదు. ఇప్పుడు ఈ వయసులో ఎక్కడ డప్పు వినిపించినా గుంపు అంచున నిలబడి చూస్తాను, దూరుదామంటే మోకాళ్లు వద్దంటాయి. గీతలు గీసుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అప్పుడు వాడి మోకాళ్లు భేషుగ్గా ఉండేవి, పిచ్చి సన్నాసికి.