తారుమారైన కొమ్మముక్కలు

ఒక మనిషి తన చదువును తానే పాడుచేసుకున్నానని నమ్ముతూ బతుకుతోంది. పాడుచేసింది నేను. ఇన్నేళ్లూ ఈ బరువు ఎవరికీ చెప్పకుండా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల మొదట్లో, అమెరికాలో, నేనూ మెర్సీ అక్కా ఒకే ప్రొఫెసర్ దగ్గర వృక్షశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లం. ఆమెది భీమవరం. ఇద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మాది హిందూ కుటుంబమైనా ఆదివారాలు ఆమెతో తెలుగు ప్రార్థనకి వెళ్లేదాన్ని, నాలుగు తెలుగు మాటలు వినొచ్చని.

మా పరిశోధనంతా ఒక పొద మీద. పువ్వును చూస్తే ఒక కుటుంబం మొక్కలా, ఆకును చూస్తే మరో కుటుంబం మొక్కలా ఉండేది. దాన్ని ఎక్కడ చేర్చాలో ఎవరికీ తేలలేదు. కాండం లోపలి కట్టడం చూసి తేలుద్దామన్నది అక్క ఆలోచన. కొమ్మముక్కలు ఉడకబెట్టి, పల్చగా కోసి, రంగు పట్టించి స్లైడ్లు చేసింది నేను. మైక్రోస్కోప్‌లో చూసి రాసింది ఆమె.

వ్యాసం టైపయి వచ్చింది. ప్రొఫెసర్ పేరు, ఆమె పేరు. నాది లేదు. అక్కని అడిగితే, ఆయన వద్దన్నారని, తన ఫండింగ్ ఆయన చేతిలో ఉంది కాబట్టి ఎదురు చెప్పలేకపోయానని తల దించుకుని చెప్పింది. నాతో కలిసి వండుకు తిన్న మనిషి. ఆ దెబ్బ ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

నా పనిని నేనైనా చూసుకుందామని, ఆ పొదది వాడకుండా మిగిలిన కొమ్మముక్కను కోసి చూశాను. నీటి నాళాల చివర నిచ్చెన మెట్లలాంటి అడ్డుకమ్మీలు కనిపించాయి. మా స్లైడ్లలో ఉన్నవి మామూలు గుండ్రటి రంధ్రాలు. అప్పుడు అర్థమైంది. స్లైడ్లు చేసిన రోజు గ్రీన్‌హౌస్‌లోని వేరే మొక్క కొమ్మ కూడా పక్కనే ఉడకబెట్టాను. తీసేటప్పుడు రెండూ తారుమారు చేశాను. వ్యాసంలో తేల్చింది తప్పు. ఆ వ్యాసం ఇంకా పత్రికకి పోస్ట్ చేయలేదు.

నేను చెప్పలేదు. భయమా? కొంత. ఒట్టి భయమే అయితే, ఆమె పోస్టాఫీసుకి డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లో కూర్చుని అంత హాయిగా కబుర్లెలా చెప్పగలిగాను?

వ్యాసం అచ్చయిన కొన్నాళ్లకి మరో యూనివర్సిటీవాళ్లు ఆ మొక్కనే కోసి చూసి, మా కాండం దానిది కాదని రాశారు. ప్రొఫెసర్ తప్పంతా ఆమె మీదికి నెట్టారు. ఫండింగ్ ఆగింది. తన చేతిలోనే స్లైడ్లు కలిసిపోయాయనుకుంది తప్ప, ఆమె నన్ను అనుమానించలేదు. చదువు మానేసి, ఎడిసన్ అనే ఊళ్లో బంధువుల షాపులో పనికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లే రోజు బస్ స్టేషన్‌లో, “అక్కా, నీకొక మాట చెప్పాలి,” అన్నాను.

“ఇప్పుడేం చెప్తావులేవే. ఆ పేపర్‌లో నీ పేరు లేకపోవడమే మంచిదైంది. నువ్వన్నా సేఫ్‌గా ఉన్నావు.”

“అలా అనకక్కా.”

“నీకు ద్రోహం చేశాను కదా. ఇది దానికి శిక్షే అనుకుంటున్నాను. నన్ను క్షమించు.”

క్షమించానన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను.

ఆమె ఫోన్ నంబర్ నా దగ్గరుంది. ఇంతవరకూ చేయలేదు, రేపు చేస్తానని మీకు మాటివ్వలేను. ముక్కలు మార్చింది నేను. తెలిసీ నోరు మూసుకున్నది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక కాసేపు మామూలుగా ఊపిరాడింది.