టికెట్ల కిటికీలోంచి ఇచ్చిన పాప

తొంభైల నాటి మాట. గుడివాడ-బందరు లైనులో మా ఊరి చిన్న స్టేషన్‌ను అప్పటికే మూసేశారు. పెద్ద తుఫాను వచ్చిన ఒక రోజు మధ్యాహ్నం మా ఇల్లు కూలిపోవడంతో, మూడు నెలల పాపను ఎత్తుకుని నేనూ మావారూ రైలుకట్ట మీదున్న ఆ స్టేషన్‌కి పరిగెత్తాం. లోపల అప్పటికే జనం నిండిపోయారు.

“తలుపు తియ్యండి బాబూ, చంటిపిల్లుంది!” అని అరిచాను.

“తీస్తే గాలికి కప్పు లేచిపోద్దండీ! టికెట్ల కిటికీలోంచి బిడ్డనివ్వండి!” అని లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

ఎవరో తెలియదు. అయినా ఇచ్చేశాను. మేమిద్దరం గాలి మరుగున గోడను కరుచుకుని కూర్చున్నాం. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నా రవిక పాలతో తడిసిపోయింది. కాసేపటికి ఆ ఏడుపు ఆగిపోయింది.

“నా పిల్లేదీ? ఏడవట్లేదేం?” అంటూ గోడ బాదాను. అప్పటికి గాలి హోరు ఇంకా పెరిగిపోయి ఎవరికీ వినపడలేదు.

తలుపు తీసేసరికి సాయంత్రమైంది. చేపలమ్మే ఒకామె ఒడిలో పాప నిద్రపోతోంది. పక్కనే ఆమె బిడ్డ.

“ఆకలికి ఆగలేకపోయిందండీ. నేనే పాలిచ్చాను. ఏమనుకోకండి” అందామె బిడియంగా.

ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

తర్వాత ఆ స్టేషన్‌ను పడగొట్టేశారు. బందరు రైల్లో ఆ చోటు దాటుతుంటే, ఇంత పెద్దదైన పాపను ఇప్పటికీ దగ్గరకు లాక్కుంటాను. “వదులమ్మా, అందరూ చూస్తున్నారు” అని విసుక్కుంటుంది.