వినతి కాదు, ముతాలబా

మాకు తెలుగు చెప్పిన సారు పోయారని మొన్న పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. అక్కడే దిగి మా ఊరు ఖాజాగూడకు వెనక్కి నడిచాను. ఆయన మమ్మల్ని కొట్టిన గుర్తు లేదు. తప్పు మాట వాడితే మాత్రం ఆ పూటంతా మాట్లాడేవారు కాదు. “మాట దిగజారితే మనిషి దిగజారుతడు” అనేవారు. మాటకు బరువుంటుందని నాకు తెలిసింది ఆయన వల్లే.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఊరికి ఒక గోస ఉండేది. శ్మశానానికి పోయే తాతలనాటి బాటకు అడ్డంగా ఒక ఐటీ క్యాంపస్ గోడ లేచింది. రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు, టెంటు కింద కూర్చుని అధికారికి ఇవ్వాల్సిన కాగితం రాస్తున్నాం. నేను పైన ‘వినతిపత్రం’ అని పెట్టాను. సారు అద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు.

“నతి అంటే ఏందిరా?”

“నమస్కారం, సార్.”

“వంగుడు. వినతి అంటే ఇంకా బాగ వంగుడు. మన పీనుగులు పోయే బాటకు మనం వంగాల్నా? కొట్టెయ్.”

చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్న మనిషి. ‘ముతాలబా’ అని రాయించారు. “తలబ్ అంటే వెతుకుడు, అడుగుడు. చదువును వెతికేటోడు తాలిబ్. నీకు రావాల్సినదాన్ని నిలబడి అడిగితే ముతాలబా. దానం అడుగుతలేం బిడ్డా.”

మాతో పాటు బంతిలో తిన్న నాయకుడొకడు ఆ మాటను మైకులో అరిచి చెప్పాడు. “తెలంగాణ రానియ్ సారూ, మొదలు కూలేది గా గోడనే” అన్నాడు. సారు నమ్మారు. మేమూ నమ్మాం.

తెలంగాణ వచ్చింది. నాయకుడికి పదవి వచ్చింది. గోడ ఇంకాస్త ఎత్తు పెరిగింది. సారును బండి మీద ఎక్కించుకుని ఆ నాయకుడి ఇంటికి వెళ్లాను. చాలాసేపు నిలబెట్టాక బయటికొచ్చి, సారు భుజం మీద చెయ్యేసి, “ఒక వినతిపత్రం ఇయ్యి సారూ, చూద్దాం” అన్నాడు.

సారు ఆ చెయ్యి తీసేసి గేటు దాటారు. “మైకుల నోరు చింపుకున్నది వీడే గద రా” అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. దవాఖానలో మంచినీళ్లు కూడా అడగలేదని కొడుకు చెప్పాడు.

సారు పాడెను ఆ గోడ చుట్టూ తిప్పి, సర్వీసు రోడ్డు మీదుగా మోశాం. దింపుడు కల్లానికి చోటు లేక డివైడర్ పక్కన దించాం. కొడుకు మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. వెనక ఆఫీసు క్యాబులు ఆపకుండా హారన్లు కొడుతున్నాయి. ఆ పిలుపు మాకెవరికీ వినపడలేదు. కొడుకు పెదవులు కదలడం మాత్రం కనిపించింది.