చప్పుడు చేసే టైర్లు

మా మావకి టైర్ల మీద కోపం వచ్చింది. ఆషాఢం ఇంకా రాలేదు, ఓ మధ్యాహ్నం అనాస పళ్ళ లోడుతో కొండ దిగుతుంటే మా పికప్ బండి ఎడమ చక్రాలు రెండూ రోడ్డు దిగి కాలవలోకి పోయాయి. బండి ఒరిగింది, సగం పళ్ళు దొర్లిపోయాయి. ఆయనకి గీత కూడా పడలేదు గానీ, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట.

"టైర్లు అరిగిపోనాయి. నా తప్పేటున్నాది?"

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు, అని నేను వంటింట్లోంచి అన్నాను. ఆయనకి వినపడేలాగే అన్నాను. నా నోరు అలాంటిది.

మావ అంటే నాకు సొంత మేనమావ, మా ఆయనకి తండ్రి. ముప్పై ఏళ్ళుగా ఆ కొండ రోడ్డు ఆయనదే. కొండ మీద రైతులు పండించిన అనాసలు, పసుపు, చింతపండు నరసన్నపేట దించడం ఆయన పని. కింద ఊళ్ళలో ధాన్యం బస్తాలు ఆమదాలవలస మిల్లుకి తోలడం నా పని. ఆడది పికప్ తోలడమేమిటని నవ్విన వాళ్ళకి నేనిచ్చిన జవాబులు ఇక్కడ రాయదగ్గవి కావు. బండి నేర్పింది మావే, కొండ రోడ్డు మాత్రం నా చేతికి ఇవ్వలేదు. అది నీకొద్దే అమ్మీ, అనేవాడు. ఎందుకొద్దో చెప్పేవాడు కాదు.

మా ఆయన విజయనగరంలో ఉద్యోగం, ఆదివారాలు ఇంటికొస్తాడు. ఆ ఆదివారం వస్తూనే తండ్రి ముందు చెయ్యి చాపాడు.

"సాలు నాన్నా. తాళం ఇచ్చీ."

మావ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. తాళం ఇచ్చేస్తే ఆయనకి మిగిలేది వీధరుగు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఆయనకి చేతకాదు, అలా కూర్చున్న వాళ్ళని చూస్తే జాలిపడేవాడు కూడా. చివరికి ఆయనే ఒక ఒప్పందం పెట్టాడు.

"కొత్త టైర్లు ఏద్దుం. ఒక్క ట్రిప్పు ఎల్తాను, కోడలు పక్కన కూసుంతాది. సక్రం మల్లీ రోడ్డు దిగిందంటే తాళం నానే ఇచ్చెస్తాను, నువ్వడగక్కర్లేదు."

అలా నేను సాక్షిగా బయల్దేరాను. ఆ ట్రిప్పులో ఆయన ఓడిపోతే మా ఇంట్లో ఒక మనిషి తగ్గిపోయినట్టేనని నాకు తెలుసు. మనసులో ఆయన గెలవాలనే ఉంది. పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాను.

నరసన్నపేటలో హైవే పక్కన మేమెప్పుడూ వెళ్ళే టైర్ల కొట్టు ఒకటుంది. బయట ఎండ మండిపోతున్నా లోపల నూతిలో ఉన్నట్టు చల్లగా, చీకటిగా ఉంటుంది. మనిషెత్తు పేర్చిన టైర్ల మధ్య నిలబడితే రబ్బరు వాసనకి కాస్త తల తిరుగుతుంది, కాస్త హాయిగానూ ఉంటుంది. ఆ నల్లటి గుండ్రాలన్నీ ఇంకా ఏ దారీ చూడనివి. ఏది ఏ ఊరు పోతుందో, ఏ రాయి మీద కోసుకుంటుందో, అని అనుకుంటూ నేను అక్కడ ఎంతసేపైనా ఉండిపోగలను.

అంకెలు చూడటం నా వంతు. టైరు పక్కన చివర నాలుగంకెలుంటాయి, ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారయ్యిందో చెప్పేవి. కొట్లో రెండేళ్ళు పడున్న టైరు కొత్తగానే మెరుస్తుంది గానీ లోపల గట్టిపడిపోయి ఉంటుంది, కొండ రాళ్ళకి ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఎంత బరువు మోస్తుందో ఇంకో అంకె. పొరలెన్నో ఇంకోటి. టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు దిమ్మల్ని బటన్లంటాం, వాటి మధ్య గాడిలో బొటనవేలు పెట్టి లోతు చూశాను. రాయి ఇరుక్కుంటే తనంతట తనే బయటికి ఎగిరిపోయేలా గాడి పైకి వెడల్పవుతూ ఉండాలి. ఇదంతా నాకు మావ నేర్పిందే, ఆయన ముందే ప్రదర్శించాను.

షావుకారు మూడు రకాలు దించాడు. తారు రోడ్డుకి గీతల టైరు. బురదకీ రాళ్ళకీ పెద్ద పెద్ద బటన్ల టైరు. రెండింటికీ నడిమి రకం ఒకటి.

"మీ బండి తారు మీదా తిరుగుతాది, కొండా ఎక్కుతాది. నడిమిదే ఏసుకోండి. పక్కలు మందం, రాయి కొయ్యదు. సప్పుడుండదు. సాన్నాళ్ళు సూసుకోనక్కర్లేదు."

సరిగ్గా నా మనసులో మాట. మావ మాత్రం గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని, "దొర్లించు," అన్నాడు.

"ఏటి?"

"ఒక్కోటీ నా కాడికి దొర్లించు."

షావుకారు నవ్వుతూనే ఆ చివర నుంచి సిమెంటు గచ్చు మీద ఒక్కో టైరూ తోశాడు. మావ కళ్ళు మూసుకున్నాడు. గీతల టైరు పిల్లిలా వచ్చింది. నడిమి రకం కొంచెం గుసగుసలాడింది. పెద్ద బటన్లది గడగడమంటూ వచ్చి ఆయన మోకాళ్ళకి తగిలి ఆగింది. కళ్ళు తెరిచి దాని మీద చెయ్యి వేశాడు.

"ఇదే."

"అది తారు మీద బేగి అరిగిపోతాది, పెద్దాయనా. పైగా సెవులు సిల్లులు పడిపోతాయి," అన్నాడు షావుకారు.

నేనూ ఊరుకోలేదు. గట్టిగా ఎక్కువ కాలం మన్నేది అడగడానికొచ్చి గోలచేసేది కొంటారా ఎవరైనా, అని కొట్టంతా వినపడేలా దెబ్బలాడాను. మావ కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పాడు.

"కొండ మీద ఫోను పలకదు గదే అమ్మీ. నా టైర్ల సప్పుడు గెడ్డ దాటగానే రైతులకి ఇనబడతాది. అది ఇనే కావిళ్ళెత్తుకుని దిగుతారు. సప్పుడు లేని బండి ఎల్తే ఎవలొస్తారు?"

అది నిజమే. ఏళ్ళ తరబడి అక్కడ జరుగుతున్నది అదే. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. బండి వాగు దాటి ఎత్తు ఎక్కుతుంటే ఆ రొద లోయంతా నిండి, పైన పొగమంచులో ఎవరెవరో తలలు తిప్పడం, బుట్టలు సర్దుకోవడం, కావిడి బద్దలు భుజాలకెత్తుకోవడం... నాకు ఆ కొట్లోనే కళ్ళకి కట్టింది. ఇంత అందమైన కారణానికి తలూపేశాను. స్టెప్నీతో సహా అయిదూ అవే తీసుకున్నాం. పెద్ద గడుసుదాన్ననుకునే నేను ఆ మాటకి అలా పడిపోయాను.

మూడో రోజు తెల్లారాక కొండకి బయల్దేరాం. తారు మీద కొత్త టైర్లు ఒకే శ్రుతిలో పాడుతున్నట్టుంది. కిటికీ అద్దాలు రెండూ దించమన్నాడు మావ. చలిగాలి, తడిసిన వెదురు వాసన, ఆ రొద. నాకు నిద్రా మెలకువా కాని మత్తు కమ్మింది. వరి చేలు వెనక్కిపోయి జీడితోటలు వచ్చాయి, జీడితోటలు పోయి ఎర్రమట్టి గట్లు వచ్చాయి. గెడ్డలో నీళ్ళు మోకాలి లోతు. చక్రాలు దిగగానే రొద మునిగిపోయి, అవతల ఒడ్డెక్కగానే మళ్ళీ పైకి లేచింది. ఎప్పటికీ ఇలా వెళుతూనే ఉంటే బాగుణ్ణనిపించింది. ఆ మాటే అనబోయాను.

"మాటాడకు," అన్నాడు మావ.

నాకు చిర్రెత్తింది. ఇంత దూరం సాక్షిగా తెచ్చుకుని నోరు మూసుకోమనడమేమిటి? సరేలే అని మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాను. బండి నిజంగా బాగానే నడుస్తోంది. మలుపుల్లో ఎక్కడా అంచు తొక్కలేదు. ఆయన గెలిచేశాడనే అనుకున్నాను.

నాలుగో మలుపు దగ్గర వాన పట్టుకుంది. కొండవాన చినుకులతో మొదలవదు, ఒక్కసారే మీద పడుతుంది. క్యాబిన్ రేకు మీద ఆ మోతకి ఇంజను కూడా వినపడలేదు. మావ బండి ఆపేశాడు. రోడ్డు మధ్యలో, ఎత్తులో, ఉన్నట్టుండి ఆపేశాడు. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి. ముందు రోడ్డు నాకు బాగానే కనిపిస్తోంది.

"ఏటైనాది మావా?"

ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఇనబడతం లేదే," అన్నాడు.

ఏమిటి వినపడటం లేదని అడగబోయి ఆగిపోయాను. ఒక్కొక్కటిగా అన్నీ వచ్చి నా ముందు నిలబడ్డాయి. మూసిన కళ్ళు, దించిన అద్దాలు, మాట్లాడకు అనడం.

"నీకు కళ్ళు కనబడతం లేవా?"

"ఎదర కనబడతాది. గొట్టంలోంచి సూసినట్టుంటాది. పక్కలే లేవు. రోడ్డు నడిమినుంటే టైరు ఒకలాగ పలుకుతాది, అంసుకెల్తే గరగరమంటాది. దాన్నిబట్టి తిప్పుకుంటాను."

"ఎన్నాళ్ళయినాది?"

"రెండు వానాకాలాలు. పాతవి అరిగిపోనాయి గదా. బటన్లు పోయి పలకడం మానేసినాయి. ఆ దినం అంసు నాకు ఇనబళ్ళేదు," అన్నాడు.

అంటే మద్దెల నిజంగానే ఓడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

నాకు ముందు కోపమే వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరు పిల్లల తల్లిని, ఇలాగా! అని అరిచాను. వాన మోతలో ఎంత అరిచానో నాకే తెలియదు. అరుస్తూ అరుస్తూనే ఏడుపొచ్చింది. కంచం పక్కన మంచినీళ్ళు పెట్టినా, "నీళ్ళేవే?" అని అడిగేవాడు ఆయన. పెద్దరికం ఎక్కువైపోయింది, చేతికి అందివ్వాలి కాబోలు అని నేను గొణుక్కునేదాన్ని. గుమ్మంలో నాకు భుజం తగిలిస్తే చూసుకుని నడవమని కసిరాను. రెండు వానాకాలాలు ఆయనకి అన్నం వడ్డించిన దాన్ని నేను, నాకు తెలియలేదు. తరవాత డాక్టరు దాన్ని నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నాడు, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు అన్నాడు. ఇంకా ముందు తీసుకురావలసింది అని కూడా అన్నాడు, నా వైపు చూసి.

"జరుగు," అన్నాను.

ఆయన దిగాడు. వానలో తడుస్తూ, బండి ఒళ్ళంతా చేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి ఎడమ వైపుకొచ్చి ఎక్కాడు. నేను ఆయన సీట్లోకి జరిగాను. అది వెచ్చగా ఉంది.

మిగిలిన కొండ నేనెక్కాను. మలుపు రాకముందే ఆయన చెప్పేసేవాడు, ఇక్కడ కుడి పక్కకి ఉండు, ఇక్కడ గేరు తగ్గించు, అని. చూడకుండానే అంతా చెప్పాడు. కొత్త టైర్లు ఎర్రబురదని కరిచిపట్టుకున్నాయి, ఒక్కసారి కూడా జారలేదు. ఆ పట్టు చూసి ఎవరు ఎంచారీ టైర్లని అని గర్వపడాలో, ఎందుకు ఎంచాడో తలుచుకుని ఏడవాలో తెలియలేదు.

పైకి చేరేసరికి వాన వెలిసింది. కావిళ్ళు దింపుకుని రైతులు నిలబడి ఉన్నారు. నేను స్టీరింగు దగ్గర్నుంచి దిగడం చూసి వాళ్ళు మొహాలు చూసుకున్నారు. లోడు ఎత్తుతున్నంతసేపూ మావ వాళ్ళతో ఎప్పటిలాగే నవ్వుతూ, తిడుతూ, పళ్ళు తడిమి చూస్తూ తిరిగాడు. లోడయ్యింది. తాడు బిగించారు. అప్పుడాయన నా దగ్గరికొచ్చి, అందరి ముందూ, చెయ్యి చాపాడు.

తాళం నా దగ్గరుంది. ఇవ్వకూడదు. ఇవ్వకపోతే ఆ ముప్పై ఏళ్ళ పరువు నేనే వాళ్ళ కాళ్ళ దగ్గర పారేసినట్టు. ఒకళ్ళెవరో, "దిగుడు మీద పిల్ల తోల్లేదు, మీరే తోలండి బాబూ," అన్నారు కూడా.

ఇచ్చేశాను.

మావ తాళం గుప్పిట్లో పెట్టుకుని కుడివైపు తలుపు దగ్గరికి నడిచాడు. తలుపు తీశాడు. ఒక చెయ్యి లోపలికి పెట్టి స్టీరింగు మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడనిపించింది. తరవాత తలుపు బార్లా తెరిచి పట్టుకుని నన్ను పిలిచాడు.

"ఎక్కే అమ్మీ. ఈ రోడ్డింక నీది, అలవాటు సేసుకోవాల గదా."

తాళం నా చేతిలో పెట్టి, తలుపు తనే వేశాడు.

దిగుడులో చెట్ల మధ్య నుంచి ఎండ చారలు చారలుగా రోడ్డు మీద పడుతోంది, తడి నేల ఆవిర్లు కక్కుతోంది. ఇప్పుడు ఎటు తిప్పాలో చెబుతాడని నేను చెవి అటే పెట్టి నడుపుతున్నాను. మొదటి మలుపు దగ్గర ఏమీ చెప్పలేదు. రెండో మలుపు దగ్గరా చెప్పలేదు. బాధపడుతున్నాడేమోనని భయపడుతూ పక్కకి చూశాను.

మావ నిద్రపోతున్నాడు. తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి. ఆ రోడ్డు మీద ప్రతి గజమూ చెవులు రిక్కించి విన్న మనిషి, ఆ టైర్ల రొదలో, గుంతలకి ఊగిపోతూ, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. రెండేళ్ళు ఆయన ఎంత భయపడి ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది.

నరసన్నపేట మార్కెట్టుకి చేరాక కూడా ఆయన లేవలేదు. ఇంజను ఆపాను. పళ్ళు దించడానికి కూలీలు అరుచుకుంటూ వచ్చారు. కాస్త ఆగండని చేత్తోనే సైగ చేసి, ఆయన లేచేదాకా పక్కనే కూర్చున్నాను.